గోడ మీద పేరు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా యువతీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను విద్య గురించి మాట్లాడమన్నారు. విద్య గురించి చెప్పేవాళ్ళు ఈ వేదిక మీద చాలామంది ఉన్నారు. నేను మా హాస్టల్ గోడ గురించి చెబుతాను. ఆ గోడ వల్ల ఒక పిల్ల చదువు ఆగిపోయేదాకా వచ్చింది కాబట్టి, ఇది కూడా విద్య గురించే అనుకోండి.

మాది బాలికల హాస్టల్. 150 మంది దాకా ఉంటారు. సవర, జాతాపు, గదబ పిల్లలు ఎక్కువ. ముందు రోడ్డు, ఆ రోడ్డు మీదే వారం వారం సంత. ప్రహరీ గోడ పొడవుగా ఉంటుంది. ఖాళీ గోడ కనబడితే మనుషులకు చెయ్యి ఊరుకోదు కదా! మొదట బొగ్గుతో గీతలు, తర్వాత ఇటుక పెంకుతో హీరోల పేర్లు, ఎన్నికలప్పుడు గుర్తులు. నేను పెద్దగా పట్టించుకోలేదు. నాలుగేళ్ళ కిందట ఒక సోమవారం పొద్దున్న మా పదో తరగతి పిల్ల పేరు, పక్కన ఒక అబ్బాయి పేరు, మధ్యలో ప్లస్ గుర్తు, చుట్టూ బాణం గుచ్చిన బొమ్మ. ఎర్ర స్ప్రే పెయింటుతో, అడుగున్నర ఎత్తు అక్షరాలు. సంతకు వచ్చేవాళ్ళంతా చదివారు.

ఆ అబ్బాయి ఎవరో కూడా ఆ పిల్లకు తెలీదు.

నేను చేసిన మొదటి పని వాచ్‌మన్ చేత సున్నం కొట్టించడం. రెండో పని, ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది, పిల్లలను కట్టడి చేయడం. డాబా మీదకు వెళ్ళొద్దన్నాను. సాయంత్రం గేటు దగ్గర నిలబడొద్దన్నాను. సంతకు పంపడం మానేశాను. నాలుగో రోజుకు సున్నం కింద నుంచి ఎర్ర అక్షరాలు మళ్ళీ తేలాయి. వారం తిరిగేసరికి ఇంకో ఇద్దరు పిల్లల పేర్లు వచ్చాయి. అప్పుడు తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి భోజనాల దగ్గర అందరి ముందూ అడిగింది, "మేడం, రాసింది వాళ్ళు, తాళం మాకా?" అని. నా దగ్గర సమాధానం లేదు. బి.ఎడ్‌లో ఇలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు.

కబురు ఊరికి చేరింది. ఆ పిల్ల తండ్రి కొండ దిగి వచ్చాడు. కోపంగా కాదు, తల వంచుకుని వచ్చాడు. "తీసుకుపోతాను మేడం. పేరు గోడకెక్కిన పిల్లను రేపు ఎవరడుగుతారు? మా బావమరిది కొడుకు ఉన్నాడు, చేసేస్తాం" అన్నాడు. పిల్లకు 15 ఏళ్ళు. పరీక్షలకు మూడు నెలలు. 18 నిండకుండా పెళ్ళి చేస్తే నేరమని చెప్పాను. ఆయనకు ఆ సంగతి తెలుసు. ఆయన భయం చట్టం గురించి కాదు, గోడ గురించి. "ఈ గోడ సంగతి తేలేదాకా ఆగు అన్నా" అని బతిమాలాను. నెల రోజులు ఆగుతానన్నాడు.

మరునాడు రోడ్డుకు అవతల ఉన్న ఇళ్ళకు ఒక్కొక్క దానికీ వెళ్ళాను. పన్నెండేళ్ళుగా అక్కడ పనిచేస్తున్నా, ఆ గడపలు తొక్కడం అదే మొదటిసారి. టీ కొట్టాయన, కుట్టుమిషన్ అక్క, ఆటో స్టాండు తమ్ముళ్ళు, రిటైరైన పోస్ట్‌మాస్టరు గారు, డ్వాక్రా సంఘం లీడరు. అందరూ మొదట ఒకే మాట అన్నారు: "అయ్యో, పాపం." రెండోసారి వెళ్ళాక వేరే మాటలు వచ్చాయి. టీ కొట్టాయనకు బండి తెలుసు. "చెప్తే ఆళ్ళు నా కొట్టు ముందు గొడవ పెడతారని ఊరుకున్నాను మేడం" అన్నాడు. కుట్టుమిషన్ అక్కకు రాత్రి ఎన్నింటికి వస్తారో తెలుసు. ఆటో తమ్ముడికి రంగు డబ్బా ఎక్కడ కొన్నారో తెలుసు. పోస్ట్‌మాస్టరు గారికి, గోడ దగ్గర వీధి దీపం రెండు నెలలుగా వెలగడం లేదని తెలుసు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ముక్క ఉంది, ఒక్కొక్కరికీ విడిగా భయం ఉంది. మా వరండాలో పదకొండు ఇళ్ళవాళ్ళు ఒకేసారి కూర్చుని, టీ తాగుతూ మాట్లాడుకున్నాక ఆ ముక్కలన్నీ కలిశాయి. దీపం కోసం పంచాయతీకి అందరూ సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. నేను ఒక్కదాన్నే ఇచ్చిన అర్జీ అంతకు ముందు ఫైల్లోనే ఉండిపోయింది. ఈ అర్జీకి వారంలో బల్బు వచ్చింది.

రాసింది ముగ్గురు అబ్బాయిలు. ఒకడు టౌను పిల్లాడు. మిగతా ఇద్దరూ మనవాళ్ళే. అందులో ఒకడు మా హాస్టల్లో వంట చేసే అక్క మేనల్లుడు. తమ్ముళ్ళూ, ఈ ముక్క మీ కోసమే చెబుతున్నాను. బయటివాళ్ళు మన ఆడపిల్లలను అల్లరి చేస్తున్నారని మనం సభల్లో గట్టిగా మాట్లాడతాం. మాట్లాడాలి కూడా. కానీ ఆ రాత్రి డబ్బా ఊపిన చేతుల్లో రెండు జతలు మనవి.

కొట్టాలన్నారు కొందరు. గుట్టుగా వదిలేయమన్నారు ఇంకొందరు. నేను ముందు ఆ పిల్లను అడిగాను. "నా పేరు పంచాయతీలో ఎత్తొద్దు మేడం. వాచ్‌మన్ తాత కాదు, రాసినవాళ్ళే చెరపాలి. నేను లేనప్పుడు చెరపాలి" అంది. మేం అలాగే చేశాం. స్టేషన్‌లో చెబితే ఒక మహిళా కానిస్టేబుల్ వచ్చి కూర్చుంది. తల్లులను కూడా పిలిచాం. వంట అక్క తన మేనల్లుడి వైపు చూసి ఒక్క మాట కూడా అనలేదు. వాడు ఏడ్చింది అప్పుడే. టౌను అబ్బాయి మాత్రం ఒక ఆదివారం వచ్చి, తర్వాత రాలేదు. వాళ్ళ నాన్న మాతో మాట్లాడడం మానేశాడు. అన్నీ సజావుగా జరిగాయని నేను చెప్పను.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. రాసినవి పేర్లు కాకుండా బూతులైతే, బొమ్మలైతే, బెదిరింపైతే, దాన్ని వీధిలో తేల్చుకోకూడదు. 18 ఏళ్ళ లోపు పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం ఉంది. అక్కడ రాజీ లేదు. 1098కి ఎవరైనా ఫోన్ చేయవచ్చు, మీ పేరు బయటపెట్టరు. చెరిపే ముందు ఫోటో తీసి పెట్టుకోండి, కానీ దాన్ని ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టకండి. పెడితే గోడ ఇంకా పెద్దదవుతుంది.

ఇక పని సంగతి. నూనె రంగు మీద సున్నం పట్టదు, పొరలుగా ఊడిపోతుంది. మా ఎర్ర అక్షరాలు మళ్ళీ తేలింది అందుకే. వైరు బ్రష్షుతో, గరుకు కాగితంతో ముందు గీకాలి, కడగాలి, ఆరనివ్వాలి, ప్రైమర్ వేయాలి, ఆ తర్వాతే రంగు. మూడు ఆదివారాలు పట్టింది. ఆటో తమ్ముళ్ళు నీళ్ళు మోశారు, డ్వాక్రా అక్కలు ఉప్మా చేశారు. ఇది సిమెంటు గోడకు మాత్రమే. కొండ గుహల్లో, పాత గుళ్ళ రాళ్ళ మీద రాసినవి కనబడితే మీరు గీకకండి, రాయే పోతుంది. పురావస్తు శాఖకు చెప్పండి. రక్షిత కట్టడం మీద పేరు చెక్కితే 1958 చట్టం ప్రకారం రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. విహారయాత్రకు వెళ్ళినప్పుడు జేబులో మేకు పెట్టుకునేవాళ్ళు గుర్తుంచుకోండి.

తెల్లటి గోడ చూశాక నాకో ఆలోచన వచ్చింది. మేం సవరలం. గోడ మీద రాయడం మాకు కొత్త కాదు. ఎర్రమన్ను పూసిన ఇంటి గోడ మీద బియ్యప్పిండితో, వెదురు పుల్లతో మనుషులను, గుర్రాలను, ఏనుగులను, సూర్యచంద్రులను వేస్తారు. ఇడితాల్ అంటాం. వెరియర్ ఎల్విన్ దొరగారు 1955లో వచ్చిన తన పుస్తకంలో వాటి గురించి చాలా రాశారు. ఆ బొమ్మలే మా ప్రహరీ మీద వేయిస్తే అందంగా ఉంటుంది, ఇంకెవరూ రాయరు అనుకున్నాను. మా ఊరి మామ్మ దగ్గరకు వెళ్ళి అడిగాను. ఆమె నన్ను తినేసేలా చూసింది. "ఆ బొమ్మ ఏసేటప్పుడు ఇంటి పెద్దల్ని పిలిచి అందులో కూర్చోబెడతాం. రోడ్డు మీద ఎవుల్ని కూర్చోబెడతావే? ఉమ్మేసినోళ్ళనా?" అంది.

చదువుకున్నదాన్ని, నాకు తట్టలేదు. మా గోడ బొమ్మల వెనక ఒక పిలుపు ఉంటుంది, ఇంటివాళ్ళ అనుమతి ఉంటుంది. ఆ ముగ్గురు అబ్బాయిలు అడగకుండా రాశారు. మంచి ఉద్దేశమే అయినా, నేనూ అడగకుండా వేయించబోయాను. ఆ ఆలోచన మానుకున్నాం.

బదులుగా గేటు పక్కన మూడడుగుల మేర నల్ల రంగు వేశాం. రోజుకొక పిల్ల సుద్దముక్కతో తన భాషలో ఒక మాట, దాని తెలుగు అర్థం రాస్తుంది. సవర మాటను తెలుగు లిపిలో రాస్తారు. మన భాషల్లో బడి పుస్తకాలు 2004 నుంచి అలాగే వచ్చాయి కాబట్టి పిల్లలకు అది అలవాటే. టీ కొట్టాయనకు ఇప్పుడు యాభై సవర మాటలు వచ్చు. పలకడం మాత్రం దారుణంగా ఉంటుంది. మిగతా గోడంతా తెల్లగానే ఉంది. రాతలు పూర్తిగా ఆగలేదు, ఏడాదికి రెండు మూడుసార్లు ఏదో ఒకటి వస్తుంది. వచ్చిన రోజు సాయంత్రానికే పోతుంది. మొదట చూసినవాళ్ళు మాకు ఫోన్ చేస్తారు, బకెట్ ఎవరి ఇంట్లో ఉందో అందరికీ తెలుసు.

ఆ పిల్ల తండ్రి నెలాఖరుకు వచ్చి గోడ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూశాడు. ఏమీ అనకుండా సంతలో కొన్న అరటిపళ్ళు ఇచ్చి కొండెక్కాడు. పిల్ల పరీక్ష రాసింది. ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. ఈ మాటలు మీకు చెప్పవచ్చా అని అడిగితే, పేరు లేకుండా చెప్పమంది.

దసరా సెలవుల ముందు ఆదివారం మళ్ళీ రంగు వేస్తున్నాం. వంట అక్క మేనల్లుడు ఇప్పుడు పెయింటింగ్ పనికే వెళ్తున్నాడు, నిచ్చెన అతనే తెస్తానన్నాడు. కుంచెలు ఆరు ఉన్నాయి, మనుషులు చాలడం లేదు. రావాలనుకున్నవాళ్ళు పాత బట్టలు వేసుకుని ఉదయం ఏడింటికల్లా గేటు దగ్గర ఉండండి. టిఫిన్ మాది.