తూచెడి త్రాసును తూచుట

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సంతకు పోయినవాడు ధరను గూర్చి ఎంతసేపైనను బేరమాడును. కిలోకు ఒక రూపాయి తగ్గించుకొన్న సంతోషముతో ఇంటికి వచ్చును. కాని ఆ కిలో నిజముగా కిలోయేనా యని అడుగువారు అరుదు. ధర నోటితో చెప్పబడునది గనుక దానితో వాదింపవచ్చును. త్రాసు నోరులేనిది, దాని తప్పు చెవికి వినబడదు, కంటికి కనబడదు. ధరలోని మోసము ఒకనాటిది. త్రాసులోని దోషము ప్రతిదినము, ప్రతి సరకుమీదను పడునది. కావున కొలుచు సాధనమును సరిచూచుట యెట్లు, మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల వారికి అది యేల ముఖ్యము అనునదియే నేటి ప్రసంగ విషయము.

ఈ విచారము పెద్దలకు క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున తూనికలకును కొలతలకును పౌతవాధ్యక్షుడను ప్రత్యేకాధికారి కలడు. తూనికరాళ్ళు ఇనుముతో గాని, మగధ మేకల దేశముల రాతితో గాని, నీటిచేతను పూతచేతను పెరుగక వేడిచేత తరుగని వస్తువుతో గాని చేయవలెనని అందు విధింపబడినది. నాలుగు మాసముల కొకసారి వానిని పరీక్షించి ముద్ర వేయవలెనట. ఆరు మాసముల కొకసారి రాజు తూనికలను మరల పరీక్షింపవలెనని మనుస్మృతి చెప్పుచున్నది. ఇందు గమనింపదగినది గడువు. ఒకసారి సరియైన త్రాసు ఎల్లకాలము సరిగా నుండదని వారెరుగుదురు. శిబి చక్రవర్తి పావురమునకు సరితూగుటకై తన మాంసమును కోసి యిచ్చిన కథ అందరెరిగినదే. అచ్చట పావురము బరువెక్కుట దేవతల పరీక్ష. మన అంగళ్ళలో తూకము మారుటకు దేవతలు దిగి రానక్కరలేదు. అరిగిన రాయి ఒక్కటి చాలును.

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడుటకు పూర్వము మదనపల్లె కడప జిల్లాలోను, పుంగనూరు కుప్పము ప్రాంతములు ఉత్తరార్కాటు జిల్లాలోను ఉండెడివి. ప్రక్కనే మైసూరు రాజ్యము. శేరు అనిన, 24 తులముల కచ్చా శేరా, 80 తులముల పక్కా శేరా యని మొదట అడుగవలసియుండెను. అయిదు కచ్చా శేరులు ఒక వీశె, ఎనిమిది వీశెలు ఒక మణుగు. తులమనగా రూపాయి యెత్తు. ఆ రూపాయి చేతులు మారి మారి అరిగినకొలది తులమును తరిగెడిది. ధాన్యమును కొలుచునపుడు తలకొట్టి కొలిచిన ఒక లెక్క, రాశిగా కొలిచిన మరియొక లెక్క. ఈ చిక్కు తీర్చుటకే 1956లో తూనికలు కొలతల ప్రమాణముల చట్టము వచ్చినది. 1958 అక్టోబరు 1 నుండి మెట్రిక్ పద్ధతి ప్రవేశపెట్టబడి, 1962 ఏప్రిల్ 1 నాటికి వర్తకమున మెట్రిక్ తూనికలు నిర్బంధమయ్యెను. వీశె పోయి, సుమారు కిలో 400 గ్రాములు అను మాట వచ్చినది. పేరు ఒకటైనది. కాని పేరు ఒకటైనంత మాత్రమున అన్ని అంగళ్ళలోని రాళ్ళును ఒకటి కావు.

ఒక సాధనము చూపు అంకెను, దానికంటె నమ్మదగిన ప్రమాణముతో పోల్చి, భేదమెంత, ఆ భేదమును గూర్చిన సందేహమెంత అని వ్రాసిపెట్టుటకు క్రమాంకనమని పేరు. కర్మాగారములలో దీనినే కాలిబ్రేషన్ అందురు. ఇది మరమ్మతు కాదు. తప్పును దిద్దుట వేరు, తప్పెంతయో తెలిసికొనుట వేరు. పది గ్రాములు ఎక్కువ చూపునని తెలిసిన కాటా, ఏమియు తెలియని కాటాకంటె మేలు. తెలిసిన తప్పును లెక్కలో తీసివేయవచ్చును. తెలియని తప్పును ఎవరో ఒకరు మోయవలెను. మోయువాడు తరచుగా బీదవాడే.

మదనపల్లె టమాటా మార్కెట్టు దేశమునందలి పెద్ద మార్కెట్టులలో నొకటి. 25 కిలోల పెట్టెకు నూటికి ఒక వంతు తక్కువ చూపు కాటా 250 గ్రాములు మ్రింగును. నూరు పెట్టెలకు 25 కిలోలు, అనగా ఒక నిండు పెట్టె, లెక్కకు రాకుండ పోవును. 2023 జూలైలో వలె కిలో నూరు రూపాయలు దాటిన దినములలో ఆ పెట్టె విలువ 2,500 రూపాయలకు పైమాట. తక్కెడ యైనచో చిప్పలను మార్చి తూచి పాసంగము కనిపెట్టవచ్చును. ఎలక్ట్రానిక్ కాటాకు వేరు పరీక్షలు కలవు. ఖాళీగానున్నపుడు సున్న చూపవలెను. ఒకే ముద్రరాయి నాలుగు మూలలను, నడుమను ఒకే అంకె చూపవలెను. బరువు పెంచుచు పోయినపుడును, తగ్గించుచు వచ్చినపుడును అంకెలు కలియవలెను.

ఇంకొక విశేషము. తక్కెడ రాతితో సరకును పోల్చును; రెంటిమీదను భూమ్యాకర్షణ సమమే. ఎలక్ట్రానిక్ కాటా మాత్రము ఒత్తిడిని కొలుచును. మదనపల్లె సముద్రమట్టమునకు ఇంచుమించు 2,200 అడుగుల ఎత్తున నున్నది. ఎత్తు పెరిగినకొలది భూమ్యాకర్షణ కొంచెము తగ్గును. చెన్నపట్టణపు సముద్రతీరమున సరిచేసిన కాటా ఇచ్చట 25 కిలోలకు కొన్ని గ్రాములు తక్కువ చూపును. టమాటాలకు అది స్వల్పమే. ప్రయోగశాలలోని సున్నితపు త్రాసుకు స్వల్పము కాదు. కావున సాధనమును వాడుచోటనే సరిచూడవలెను.

పుంగనూరు పొట్టి ఆవు వెన్నగల పాలకు ప్రసిద్ధి. పాలలో నీరు కలిసినదా యని చూచుటకు ల్యాక్టోమీటరు ముంతురు. అది పాల సాంద్రతను చూపును గాని నీటిని చూపదు. వెన్న నీటికంటె తేలిక గనుక, చిక్కని వెన్నపాలలో ఆ గొట్టము ఎక్కువగా మునిగి తక్కువ అంకె చూపును. అప్పుడే పితికిన వెచ్చని పాలలోను అంతే. ఏ వేడిమి యొద్ద ఆ గొట్టమునకు గీతలు గీయబడినవో తెలియక చదివినచో, మంచి పాలు పోసిన ఇల్లాలు నీళ్ళు కలిపినదను నిందను మోయవలసివచ్చును. దోషము పాలదియు కాదు, ఆమెదియు కాదు. వెన్నశాతమును గెర్బరు పద్ధతిచే వేరుగా కొలిచి, వేడిమిని సవరించి చూచినప్పుడే న్యాయము.

మదనపల్లె చేరువను ఆరోగ్యవరమున 1915లో క్షయరోగుల శానిటోరియము వెలసినది. క్షయవ్యాధికి సాయంకాలమున వచ్చు సన్నని జ్వరము ఒక గుర్తు. అట్టి చోట అర డిగ్రీ తక్కువ చూపు థర్మామీటరు రోగిని ఆరోగ్యవంతునిగా చూపును. అందుకే జ్వరమాపకమును ప్రమాణపు థర్మామీటరుతో కూడ ఒకే నీటితొట్టిలో నుంచి, నీటిని కలియబెట్టుచు రెంటిని పోల్చుదురు.

కుప్పము, మదనపల్లె సీమలు పట్టుగూళ్ళకు పేరొందినవి. పట్టుదారపు సన్నదనమును డెనియరులలో చెప్పుదురు: 9,000 మీటర్ల దారము ఎన్ని గ్రాములు తూగునో అన్ని డెనియరులు. పరీక్షకై 450 మీటర్లు చుట్టి తూచుదురు. 20 డెనియరుల దారమైన అది సరిగా ఒక గ్రాము తూగును. త్రాసులో 50 మిల్లీగ్రాముల తప్పున్నచో ఒక డెనియరు తేడా వచ్చి, దారపు రకమే మారును. గూటిని పెంచిన రైతును, దారము తీసినవాడును, నేసినవాడును, ముగ్గురును ఆ చిన్న తప్పునకు లోబడుదురు.

భూమి కొలతకును ఇదే న్యాయము. నూరు లింకుల గొలుసు వాడుకలో కడియములు సాగి ఒక లింకు పొడవెక్కినదనుకొనుడు. దానితో కొలిచిన నిండు ఎకరము 98 సెంట్లుగా లెక్కకు వచ్చును. లాంబ్టన్ దొర 1802లో మదరాసున ఆధార రేఖ కొలిచి దేశమును త్రికోణములుగా కొలువ నారంభించెను. ఆయన యొద్ద రెండు ఉక్కు గొలుసులుండెను: ఒకటి పనికి, రెండవది పనిగొలుసును సరిచూచుటకు. ఎండకు ఉక్కు ఎంత సాగునో లెక్కించుటకై థర్మామీటర్లను కూడ వాడెను. కొలతలో గొప్పవాడనగా తన గొలుసును తానే నమ్మనివాడు.

మరి పనిగొలుసును ప్రమాణము సరిచూచిన, ప్రమాణమును సరిచూచునదేది? నేడు అంగడి రాయిని తనిఖీ అధికారి రాయి సరిచూచును. దానిని అంతకుపై ప్రయోగశాలలోనిది, దానిని బెంగుళూరు వంటి ప్రాంతీయ ప్రమాణశాలలోనిది, వాని కన్నింటికిని పైన న్యూఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాల. అచ్చట 57వ సంఖ్య గల కిలోగ్రాము దిమ్మె కలదు. దానికి మూలము 1889 నుండి పారిసు చెంత భద్రపరచిన ప్లాటినము ఇరిడియము దిమ్మె. నూరేండ్లలో దానికిని దాని ప్రతులకును మిల్లీగ్రాములో ఇరువదవ వంతు భేదము కనబడెను. అందుచే 2019 మే 20 నుండి కిలోగ్రామును దిమ్మెతో గాక, ప్లాంకు స్థిరాంకమను ప్రకృతి నియమముతో నిర్వచించిరి. తూనికలకెల్ల రాజైన దిమ్మెయే పరీక్షకు లోబడి సింహాసనము దిగినప్పుడు, అంగడి కాటాకు పరీక్ష అవమానమగునా?

2009 నాటి చట్టము క్రింద ఏర్పడిన నియమముల ప్రకారము రాళ్ళకును తక్కెడలకును రెండేండ్ల కొకసారి, ఎలక్ట్రానిక్ కాటాలకు ఏటేట పరీక్ష జరుగవలెను. ముద్రను చూపుమని అడుగుట కొనువాని హక్కు. చూపుట అమ్మువాని గౌరవము. సరియైన వర్తకునికి ముద్రయే సాక్షి.

సభాసదులారా! ఈ రజతోత్సవ సందర్భమున ఒక చిన్న కోరిక. నిఘంటువును బల్లమీద నుంచినట్లే, ముద్ర వేయించిన ఒక కిలో రాయిని, ఒక లీటరు కొలపాత్రను, ఒక మీటరు బద్దను ఈ గ్రంథాలయమున నుంచి, గడువు తప్పక పరీక్ష చేయించుడు. సందేహము కలిగిన రైతు గాని, వర్తకుడు గాని, పాలు పోయు ఇల్లాలు గాని వచ్చి తన సాధనమును సరిచూచుకొనవచ్చును. దానికగు వ్యయము కొలదిపాటి. దానివలన ఆగిపోవు తగవులు పెక్కు. మాట సందేహమైన నిఘంటువును, తూకము సందేహమైన ముద్రరాయిని చూచు అలవాటు బిడ్డలకు ఈ ఇంటనే కలుగుగాక!