రెండు హాజరులు

 

నాకు తెలిసినవి కంప్యూటర్ల కష్టసుఖాలే. ఆ ముచ్చటే ఒకటి చెబుతాను.

1994. ఉద్యోగంలో కొత్త. ఒక 486 కంప్యూటరులో నెట్‌వర్క్ కార్డు బిగించమన్నారు. బిగించాను. నెట్‌వర్క్ పనిచేసింది గానీ, మోడెమ్ వాడగానే యంత్రం బిగుసుకుపోయేది. కార్డు మార్చాను, అదే వరస. మూడో రోజు విసుగొచ్చి, అంతకుముందు ఆ యంత్రం చూసిన పెద్దాయనే ఏదో పాడుచేశారని మా అధికారితో అనేశాను.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. మన ఎనిమిదో తరగతి గుర్తొచ్చింది. ఒకే పేరున్న వాళ్లు ఇద్దరు. పేరు పిలిస్తే ఇద్దరూ ఒక్కసారే "హాజరు సార్" అనేవారు. లెక్కల మాస్టారు ఇద్దరిలో ఎవరినీ కోప్పడలేదు. రిజిస్టరు చూసి, ఆ రోజు నుంచి రోల్ నంబరుతో పిలిచారు.

మర్నాడు నేనూ రిజిస్టరు రాశాను. కార్డు ప్రాసెసరును పిలవాలంటే ఒక ఇంటరప్ట్ గీత కావాలి. అవి 0 నుంచి 15 వరకు. 0 టైమరు, 1 కీబోర్డు, 2 రెండు కంట్రోలర్లను కలపడానికి, 4 మౌస్ ఉన్న మొదటి సీరియల్ పోర్టు, 6 ఫ్లాపీ, 7 ప్రింటరు, 14 హార్డ్ డిస్కు. 3 ఎదురుగా మాత్రం రెండు పేర్లు పడ్డాయి: రెండో సీరియల్ పోర్టు మీది మోడెమ్, నా కార్డు! ఆ పాత ఐ.ఎస్.ఏ. స్లాట్లలో ఒకే గీతను ఇద్దరు పంచుకుంటే తగువే. మార్చి పెట్టిన కార్డు జంపరు కూడా 3 మీదే ఉంది మరి.

5 ఖాళీగా ఉంది. జంపరు తీసి అక్కడ పెట్టాను. డ్రైవరు ఫైలులో కూడా 5 అని రాశాను. రెండూ పనిచేశాయి.

ముందు అధికారి దగ్గర నా మాట వెనక్కి తీసుకున్నాను. తర్వాత పెద్దాయన దగ్గరికెళ్లి తప్పయిందన్నాను. ఆయన, "ఆ కాగితం యంత్రం మూత లోపల అంటించు బాబూ, నీ తర్వాత వచ్చేవాడికి పనికొస్తుంది" అన్నారు. అంతే.

తర్వాత విండోస్ 95, ప్లగ్ అండ్ ప్లే వచ్చాయి. ఇప్పటి పిల్లలకు జంపరంటే తెలియదు, తెలియక్కర్లేదు. కానీ ఏదైనా చెడితే మనిషిని అనేముందు కాగితం తీసి రాయడం నాకు ఈ బడిలోనే అబ్బింది. ఆ రోజు అది మరిచిపోయాను. మాస్టారూ, మళ్లీ మరవలేదు.

సెలవు.