మన సంఘం పుటను మనమే దిద్దుకుందాం
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం పంతుళ్ళము. సుద్దముక్కతో ఇరవై యేండ్లు గడిపినవాళ్ళము. వెబ్‌సైటు విషయం మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, "మేమేం ఇంజనీర్లమా భాయ్?" అన్నాము. "ఇంజనీర్లు కానివాళ్ళు చెబితేనే మనవాళ్ళకు ధైర్యం వస్తుంది" అన్నారాయన. కావున మేము చేసి చూసినంతలో నాలుగు మాటలు మనవి చేస్తాము.

ముందుగా ఒక చేదు సంగతి. మన సంఘానికి ఒక వెబ్‌సైటు ఉండేది. డబ్బిచ్చి ఒక మనిషితో చేయించాము. మొదటి నెల అందరం ముచ్చటపడి చూసుకున్నాము. తరువాత అందులో ఒక్క తేదీ మార్చాలన్నా అతనికే ఫోను చేయాలి. ఎత్తితే ఎత్తినట్టు, లేకుంటే లేదు. ఒక యేడు స్కాలర్‌షిప్ గడువు పొడిగించారు. మన పుటలో మాత్రం "గడువు ముగిసింది" అనే ఉన్నది. అది నమ్మి ఒక అమ్మాయి దరఖాస్తు పెట్టలేదు. ఆ యేటి ఫీజు వాళ్ళ నాన్న అప్పు చేసి కట్టాడు. తరువాత ఆ వెబ్‌సైటు చేసిన మనిషి వేరే ఊరు వెళ్ళిపోయాడు. పాస్‌వర్డు అతని దగ్గరే ఉండిపోయింది. వెబ్‌సైటు పేరుకు ఏటా కట్టవలసిన రుసుం ఎవరూ కట్టలేదు. పుట మాయమైంది, దానితోపాటు మూడేండ్ల జమాఖర్చులూ పోయినవి. తప్పంతా అతనిదని మేము అనము. ఇంటి తాళంచెవి పరాయి చేతిలో పెట్టి నిద్రపోయినవాళ్ళం మనమే.

మరి మన పుటను మనమే చేసుకోలేమా? చేసుకోగలం. దానికి సాధనాలు ఉన్నవి. వాటిని విజువల్ ఎడిటర్లు అంటారు.

వెబ్ పుట అంటే గుర్తులు పెట్టి వ్రాసిన ఒక ఫైలు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇక్కడ ఫోటో అని ఆ గుర్తులు చెబుతాయి. ఆ గుర్తుల భాష పేరు హెచ్‌టిఎంఎల్. పూర్వం తహసీలు కచేరీ ముందు అర్జీలు వ్రాసిపెట్టేవాళ్ళు కూర్చునేవారు. మన బాధ మన మాటల్లో చెబితే వాళ్ళు కచేరీ భాషలో వ్రాసేవారు. విజువల్ ఎడిటరు కూడా అలాంటి రాయసగాడే. మనం తెరమీద మామూలుగా టైపు చేస్తాము, ఫోటో పెడతాము, అక్షరం లావు చేస్తాము. వెనుక గుర్తులన్నీ అదే వ్రాసుకుంటుంది.

గద్వాల చీర తెలిసినవాళ్ళకు ఇంకొక మాట. ఆ చీరలో నూలు ఒళ్ళు వేరు, పట్టు అంచూ కొంగూ వేరు. రెంటినీ కలిపి నేస్తారు. వెబ్ పుటలో కూడా మాట వేరు, అలంకారం వేరు. మాటకు హెచ్‌టిఎంఎల్, రంగులకూ అమరికకూ సిఎస్ఎస్. మంచి ఎడిటరు ఈ రెంటినీ కలిపి నేసి ఇస్తుంది. మనం మాట మీద మనసు పెడితే చాలు.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1990లో టిమ్ బెర్నర్స్ లీ మొట్టమొదటి బ్రౌజరు తయారు చేసినప్పుడు, అందులోనే చదవటమూ దిద్దటమూ రెండూ ఉండేవి. 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ ఆ వెబ్ సాఫ్ట్‌వేర్‌ను రుసుం లేకుండా లోకానికి ఇచ్చివేసింది. తరువాత వచ్చిన బ్రౌజర్లలో చాలా మటుకు చదవటం మిగిలింది, దిద్దటం నేర్చినవాళ్ళ పని అయిపోయింది. ఆ లోటు తీర్చటానికే నెట్‌స్కేప్‌లో కంపోజర్ వచ్చింది. దాని వంశంలో 2005లో ఎన్వ్యూ, తరువాత కొంపోజర్ వచ్చినవి. అదే వంశపు కంపోజర్ నేటికీ సీమంకీలో ఉన్నది.

ఇవి అందరికీ తెరిచిన సాఫ్ట్‌వేర్లు. ఇక్కడ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఇంగ్లీషులో "ఫ్రీ" అంటే రెండర్థాలు. మన ఉర్దూలో మాత్రం "ముఫ్త్" వేరు, "ఆజాద్" వేరు. తెలుగులోనూ ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన ఉద్యమం ఆజాద్ కోసం, ముఫ్త్ కోసం కాదు. వాడుకోవటం, లోపల చూసి నేర్చుకోవటం, మార్చుకోవటం, పదిమందికి పంచటం, ఈ నాలుగూ మన హక్కులు. హైదరాబాదులో ఈ పని చేస్తున్న సంస్థ పేరు కూడా "స్వేచ్ఛ"యే. ముఫ్తుగా ఇచ్చి, మన పుటను బయటికి తీసుకుపోనివ్వని సాధనాలు కూడా ఉన్నవి. అవి అద్దె ఇండ్లవంటివి. మనకు సొంత ఇల్లు కావాలి.

ఇక ఏది వాడాలి? మేము చూసినంతలో చెబుతాము. కొంపోజర్ నేర్చుకోను తేలిక, గాని 2010 తరువాత దానికి కొత్త రూపు రాలేదు. దానితో చేసిన పుట ఫోనులో సరిగ్గా అమరదు. మనవాళ్ళు చూసేది ఫోనులోనే గదా! పబ్లీ అనేది మన కంప్యూటరులోనే ఉండి, పుటలు తయారు చేసి పంపుతుంది. అసలు ప్రతి మన దగ్గరే ఉంటుంది. వర్డ్‌ప్రెస్ 2003లో వచ్చింది. 2018 డిసెంబరు నుంచి అందులో పేరా ఒక దిమ్మె, ఫోటో ఒక దిమ్మెగా పేర్చుకుంటూ పోవచ్చును. ముగ్గురు మూడు ఊళ్ళనుంచి దిద్దవలసిన మనబోటి సంఘానికి అది తగును. అయితే దానిని ఎప్పటికప్పుడు అప్‌డేటు చేయాలి, లేకుంటే దొంగలు పడతారు. సాఫ్ట్‌వేరుకు డబ్బు లేకపోయినా, వెబ్‌సైటు పేరుకూ చోటుకూ ఏటా కొంత ఖర్చు ఉంటుందని కార్యవర్గం గమనించాలి.

చేయి తిరగటానికి ఒక మంచి బడి ఉన్నది, అదే వికీపీడియా. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో, ఉర్దూ వికీపీడియా 2004 జనవరిలో మొదలైనవి. 2013 నుంచి వికీపీడియాకు కూడా విజువల్ ఎడిటరు వచ్చింది. అక్కడ ప్రయోగశాలలో తప్పులు చేస్తూ నేర్చుకోవచ్చు, ఎవరూ కోప్పడరు.

మన రెండు భాషల సంగతి. పాత సావనీర్లు ఉర్దూలో ఇన్‌పేజీలోనూ, తెలుగులో పాత డిటిపి ఫాంటులలోనూ కూర్చినవి. వాటిని అట్లాగే పుటలో అతికిస్తే పిచ్చిగీతలు కనబడతాయి. యూనికోడ్‌లోకి మార్చాలి, లేదా మళ్ళీ టైపు చేయాలి. నోటో నస్తాలిఖ్ ఉర్దూ, తెలుగులో మండలి, సూరన్న వంటి ఫాంటులు అందరికీ తెరిచే ఉన్నవి. ఉర్దూ పేరాకు కుడినుంచి ఎడమకు అనే గుర్తు పెట్టటం మరువరాదు. పోస్టరు ఫోటో తీసి పెడితే సరిపోతుంది గదా అంటారు కొందరు. ఫోటోలోని మాట మామూలుగా వెతికితే దొరకదు. చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకు ఆ మాట అందదు. వాట్సాప్‌లో వచ్చిన పోస్టరు నెల తరువాత ఎవరికి దొరికింది?

ఇక మా మనవి. 2016 అక్టోబరులో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడు ఊళ్ళూ మూడు జిల్లాల కేంద్రాలైనవి, మన సంఘం మాత్రం ఒకటే. ఒక్కో ఊరినుంచి ఇద్దరు, అందులో ఒక అమ్మాయి తప్పక ఉండేటట్టు, ఆరుగురిని ఎంపిక చేయండి. ఆదివారాలు మేము కూర్చుంటాము. పిల్లలు మాకంటే ముందు నేర్చుకుంటారు, వాళ్ళ దగ్గర మేము నేర్చుకుంటాము, అందులో సిగ్గేమీ లేదు. పాస్‌వర్డు ఇద్దరి దగ్గర ఉండాలి, సీలు కవరులో సంఘం బీరువాలోనూ ఉండాలి. వెబ్‌సైటు పేరు సంఘం పేరుతోనే రిజిస్టరు కావాలి. నెలకొకసారి మొత్తం పుటల నకలు తీసి దాచాలి. జమాఖర్చుల మొత్తాలు పుటలో పెట్టండి, సహాయం పొందినవారి పేర్లు మాత్రం పెట్టవద్దు. ఒక ఇంటి పరువు మన లెక్కకంటే పెద్దది.

వచ్చే యేడు ఏ గడువైనా పొడిగిస్తే, ఆ సాయంత్రమే మన పిల్లల్లో ఒకరు పుట తెరిచి తేదీ మార్చాలి. ఏ తండ్రీ మన నిర్లక్ష్యానికి అప్పు చేయకూడదు. ఇన్షా అల్లాహ్, అది మన చేతిలోని పనే.