పార్టీకి పనికొచ్చే ఆకు పొట్లాలు

(ఆకాశవాణి మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటికి పాతికమంది వస్తున్నారంటే మనకి బెంగ భోజనాల గురించి కాదు. అన్నం, పప్పు, కూర, పులుసు కళ్ళు మూసుకుని వండేస్తాం. భోజనాలకి ముందు ఓ గంటసేపు అందరూ కూర్చుని కబుర్లాడుకుంటారు చూడండి, అప్పుడు చేతికేమివ్వాలి అన్నదే అసలు బెంగ. పకోడీలు వేద్దామంటే మనం బాండీ దగ్గరే నిలబడిపోవాలి. వచ్చిన చుట్టాల మొహం చూసే తీరికే ఉండదు. ఆ బెంగ తీర్చే ఓ చిన్న వంటకం ఇవాళ చెబుతాను. దాంతోపాటు నేను చేసిన ఒక పొరపాటు కూడా చెబుతాను. మన ఉద్దానం ప్రాంతపు ఇల్లాళ్ళకి వంటకం కన్నా ఆ పొరపాటే ఎక్కువ పనికిరావచ్చు.

అమెరికాలో ఉన్న మా చెల్లెలి కూతురు కిందటి సంక్రాంతికి పలాస వచ్చింది. మా అమ్మాయికి ఉద్యోగం వచ్చిన సందర్భంలో నలుగురినీ పిలుద్దామనుకుంటున్న రోజులవి. "పెద్దమ్మా, అక్కడ పార్టీల్లో అందరూ సుళువుగా చేసేది ఒకటుంది. ఖర్జూరంలో గింజ తీసేసి, ఓ బాదంపప్పు పెట్టి, పైన బేకన్ చుట్టి, పుల్ల గుచ్చి ఓవెన్‌లో పెట్టేస్తాం. ఇరవై, ఇరవై అయిదు నిమిషాల్లో అయిపోతాయి" అంది.

బేకన్ అంటే ఉప్పులో ఊరబెట్టిన పందిమాంసం. ఎక్కువగా పొగ కూడా పెడతారు. దాన్ని పలచని పేలికల్లా కోసి అమ్ముతారు. ఇంగ్లీషువాళ్ళకి ఈ చుట్టుడు వంటకం చాలాకాలంగా అలవాటే. లోపల ఆయిస్టరు అనే సముద్రపు గుల్ల పెడితే 'గుర్రమెక్కిన దేవదూతలు' అంటారట. ఎండు పండు పెడితే 'గుర్రమెక్కిన దయ్యాలు' అట! పేరు విని మా ఇంట్లో పిల్లలు పడీపడీ నవ్వారు.

అయితే అది మనకి కుదరదు. మా బంధువుల్లో సగంమంది పందిమాంసం ముట్టరు. పలాస, టెక్కలి బజార్లలో బేకన్ వెతుక్కోవడం కూడా ఓ పని. కానీ అందులో ఉన్న కిటుకేమిటో అడిగి తెలుసుకున్నాను. వేడికి బేకన్‌లో కొవ్వు కరిగి లోపలి వస్తువు ఎండిపోకుండా కాపాడుతుంది. దాని ఉప్పే లోపలికీ దిగుతుంది. ముందుగా చుట్టి పెట్టుకుని, చుట్టాలొచ్చాక కాలిస్తే సరిపోతుంది. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి, చెంచా అక్కర్లేదు.

ఆ పని మన అరటాకు చెయ్యదూ? మన పొరుగున ఒడియా వాళ్ళిళ్ళలో చేపల్ని ఆకులో చుట్టి నిప్పుల మీద కాలుస్తారు, 'పత్రపోడా' అంటారు. బొంబాయి పార్సీలు చేపకి కొబ్బరి పచ్చడి పట్టించి, అరటాకులో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. ఈ రెంటినీ కలిపి, పార్టీకి తగ్గట్టు చిన్న చిన్న పొట్లాలు కట్టాను. ఆకులో కొవ్వు ఉండదు కదా, ఆ లోటు మన జీడిపప్పూ, కొబ్బరీ తీరుస్తాయి.

ఇక సరుకులు. పాతిక పొట్లాలకి ముప్పావు కిలో ముల్లులేని గట్టి చేప కావాలి. కోనాం గాని, వంజరం గాని బాగుంటుంది. మెత్తటి చేప అయితే విడిపోతుంది. రెండంగుళాల ముక్కలు పాతిక కోయించుకోండి. జీడిపప్పు యాభై గ్రాములు, పచ్చికొబ్బరి అరచిప్పలో సగం, పచ్చిమిరపకాయలు నాలుగు, అంగుళం అల్లంముక్క, గుప్పెడు కొత్తిమీర, అరచెంచా జీలకర్ర, చిటికెడు పసుపు, అరచెక్క నిమ్మరసం, చిన్న చెంచాడు ఉప్పు, రెండు చెంచాల నూనె. పెద్ద అరటాకులు రెండు.

జీడిపప్పు గురించి ఓ మాట. నూరడానికి గుండుపప్పు కొనకండి, బద్ద చాలు. దుకాణంలో 240 రకం, 320 రకం అంటారు కదా, అవి పౌనుకి ఎన్ని గుళ్ళు తూగుతాయో చెప్పే అంకెలు. అంకె తక్కువైతే పప్పు పెద్దది, ధరా పెద్దదే. నూరిన తరవాత బద్దకీ గుండుకీ రుచిలో తేడా ఏముంటుంది? అన్నట్టు, ఆ పప్పు మన చేతికి తెల్లగా వచ్చేముందు పిక్కల్ని ఉడకబెట్టి, ఒక్కొక్కటే కొట్టి, ఆరబెట్టి, పొట్టు తీస్తారు. పెంకులోని జీడిరసం తగిలితే చర్మం కాలి పొక్కిపోతుంది. మన పక్కింటి ఆడవాళ్ళ చేతులు చూస్తే తెలుస్తుంది. అందుకని ఒక్క బద్ద కూడా పారబోయకండి.

జీడిపప్పు అరగంట గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, చేప, ఆకులు తప్ప మిగిలినవన్నీ కలిపి మెత్తగా, గట్టిగా రుబ్బండి. నీళ్ళు ఎక్కువైతే పొట్లంలోంచి కారిపోతుంది. ఆకు నడిమి ఈనె తీసేసి, జానెడు చదరం ముక్కలుగా కోసి, తుడిచి, సన్నని మంట మీద అటూ ఇటూ తిప్పండి. ఆకు రంగు ముదిరి, నిగనిగలాడి, మెత్తబడుతుంది. ఇలా వాడ్చకపోతే మడత పెట్టేసరికి చిరిగిపోతుంది. ఒక్కో ముక్కకి ముద్ద పట్టించి, ఆకులో పెట్టి, నాలుగువైపులా మడిచి, కడిగిన కొబ్బరి ఈనె ముక్కతో గుచ్చండి. తినేముందు ఈనె తీసెయ్యమని పిల్లలకి మరీ మరీ చెప్పాలి. పొట్లాలు ఉదయమే కట్టుకోవచ్చు గాని, ఫ్రిజ్‌లోనే ఉంచాలి. పచ్చిచేప బయట ఉంచకూడదు.

ఓవెన్ ఉన్నవాళ్ళు 200 డిగ్రీల్లో పది నిమిషాలు ముందుగా వేడిచేసి, పొట్లాలు ఒక వరసలో పేర్చి, పదిహేను నుంచి పద్ధెనిమిది నిమిషాలు ఉంచండి. ఓవెన్ లేదని దిగులక్కర్లేదు. దళసరి గిన్నెలో అంగుళం మందాన కడిగి ఎండబెట్టిన ఇసుక పోసి, మధ్య ఓ స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు కాగనివ్వండి. తరవాత పొట్లాల పళ్ళెం స్టాండు మీద పెట్టి, మూత వేసి, మధ్యరకం మంట మీద ఇరవై నిమిషాలు ఉంచితే చాలు. డజనేసి చొప్పున రెండు వాయిలు వస్తాయి. ఓ పొట్లం విప్పి చూడండి. చేప తెల్లబడి, వేలితో నొక్కితే పొరలుగా విడితే అయినట్టే. బయట ఆకు అక్కడక్కడ మాడినా భయం లేదు. లోపల చేప తన ఆవిరికి తనే ఉడుకుతుంది, అందుకే ఎండిపోదు.

చేప తిననివాళ్ళకి పనస ఉండనే ఉంది. లేత పనసకాయని చేతులకీ కత్తికీ నూనె రాసుకుని చెక్కు తీసి, ముక్కలు కోసి, ముప్పాతిక వంతు ఉడికించి, నీళ్ళు వార్చి పిండెయ్యండి. అదే ముద్ద పట్టించి, పన్నెండు నిమిషాలు కాలిస్తే చాలు. కొబ్బరి, జీడి, పనస మూడూ ఉద్దానం పంటలే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ తోటల్ని కూల్చేసిన సంగతి మనం మరిచిపోలేం. మా పెరట్లో ఆ ఏడు చుట్టడానికి ఆకు కూడా మిగల్లేదు.

ఇంతకీ నా పొరపాటు సంగతి.

మా బావగారిది కవిటి దగ్గర పల్లె. ఆయనకి వారానికి రెండుసార్లు డయాలసిస్. మన ఉద్దానంలో ఈ మూత్రపిండాల జబ్బు లేని ఊరు, ఆ జబ్బు మనిషి లేని చుట్టరికం తక్కువే కదా. 2023 డిసెంబరులో పలాసలో ఈ జబ్బు కోసమే పెద్దాసుపత్రీ, పరిశోధన కేంద్రం తెరిచారు. కారణం ఇదీ అని మాత్రం ఇప్పటికీ తేలలేదు.

విందు నాటికి, బావగారి కోసమని దుకాణంలో 'తక్కువ సోడియం ఉప్పు' పొట్లం ఒకటి కొని తెచ్చాను. ఆయనకి నాలుగు పొట్లాలు ఆ ఉప్పుతో వేరే చేసి, గుర్తు కోసం రెండేసి ఈనెలు గుచ్చాను. ఎంత బాగా ఆలోచించానో అని నాలో నేనే మురిసిపోయాను కూడా. మా తోడికోడలు వంటింట్లోకి వచ్చి, ఆ ఉప్పు పొట్లం తిరగేసి చూసి, ఆయన పళ్ళెం మెల్లిగా పక్కకి జరిపింది.

"ఏం అక్కా, ఉప్పు తక్కువదే వేశాను" అన్నాను.

"తెలుసు చెల్లీ. దీంట్లో సోడియం తగ్గించి పొటాషియం కలుపుతారట. అది ఆయన ఒంట్లోంచి బయటికి పోదు. గుండెకే ప్రమాదమన్నారు డాక్టరుగారు. కొబ్బరీ జీడిపప్పూ కూడా లెక్క ప్రకారమే" అంది.

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మంచిదనుకుని చేసింది ఎంత చెడ్డ పని అయ్యేది! తరవాత చదివి తెలుసుకున్నాను. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి ఉప్పు గురించి సలహా ఇస్తూ, మూత్రపిండాల జబ్బున్నవాళ్ళకి ఆ సలహా వర్తించదని స్పష్టంగా చెప్పింది. మామూలు మనుషులకైనా రోజుకి అయిదు గ్రాముల లోపే ఉప్పు చాలునని ఆ సంస్థే చెబుతుంది. మనం ఊరగాయ, ఎండుచేప, అప్పడం కలిపి అంతకు ఎంత దాటిపోతున్నామో లెక్క వేసుకోండి.

అప్పుడేం చేశామంటే, అక్కనే పక్కన నిలబెట్టుకున్నాను. ఆయనకి ఎంత చేప తినవచ్చన్నారో ఆవిడకి తెలుసు. రెండు ముక్కలు తీసుకుని, ఏ ఉప్పూ వెయ్యకుండా, కాస్త అల్లం, మిరియాలపొడి, నాలుగు చుక్కల నిమ్మరసం, చెంచాడు నూనె రాసి, అదే ఆకులో, అదే మడతతో చుట్టాం. రెండేసి ఈనెలు ఉన్నవి ఆయనవి. అన్నిటితోపాటే కాల్చాం.

హాల్లో అందరి చేతుల్లోనూ పొట్లాలే. మా వీధిలో పిక్కలు కొట్టే ముసలమ్మ "ఏటమ్మా, ఆకు కూడా తినీయాలేటి?" అని అడిగేసరికి అందరూ నవ్వారు. బావగారూ నవ్వుతూ తన పొట్లం విప్పుకున్నారు. ఎవరూ ఆయన వంక జాలిగా చూడలేదు. "ఒక్కటి తింటే ఏం కాదు లెండి" అని ఎవరూ బలవంతం చెయ్యలేదు. వెళ్ళేటప్పుడు నాతో ఒక్క మాటే అన్నారు. "నాలుగేళ్ళయిందమ్మా, నలుగురిలో కూర్చుని నలుగురు తినేది తిని" అన్నారు. లోపల ఉన్నది వేరని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ మాట నిజమే.

చెల్లెళ్ళారా, బలవంతంగా వడ్డించడమే మర్యాద అనుకునే అలవాటు మనది. మన ప్రాంతంలో ఆ అలవాటు మానుకోవాలి. చుట్టం వచ్చేముందే "మీకేది పడుతుంది, ఏది పడదు?" అని ఫోనులో అడిగేద్దాం. వాళ్ళింటి ఇల్లాలిని అడిగితే ఇంకా మంచిది. జబ్బు మనిషికి ఏది పెట్టాలో మనమూ, దుకాణంవాడూ నిర్ణయించకూడదు, వాళ్ళ డాక్టరే చెప్పాలి. నేను చెప్పిన ఈ ఉప్పులేని పొట్లం కూడా అందరికీ సరిపడుతుందనుకోకండి, అడిగే పెట్టండి.

వచ్చే విందుకి ఆకు పొట్లాలు కట్టి చూడండి. కట్టేటప్పుడు ఎవరి కోసమైనా రెండు ఈనెలు గుచ్చవలసి ఉందేమో ఒక్కసారి గుర్తుచేసుకోండి. సెలవు.