ఇంటి కంప్యూటరు – విద్యుదాధారము గల హబ్బు

ఇంట కంప్యూటరు ఉన్న ప్రతి గృహస్థునకూ ఏనాడో ఒకనాడు ఒక కొరత తెలిసివస్తుంది. దానికి ఉన్న యు.ఎస్.బి. పోర్టులు చాలవు. కీబోర్డు ఒకదానిని, మౌసు మరొకదానిని ఆక్రమిస్తాయి. ప్రింటరు మూడవదాని కోసం కాచుకొని ఉంటుంది. ఇంతలో విదేశాన ఉన్న కుమార్తెతో ముఖాముఖి మాట్లాడడానికి కెమెరా కావలసి వస్తుంది. ఫోటోలు దాచుకొనే హార్డు డిస్కు వస్తుంది. పక్కింటి అబ్బాయి పెన్‌డ్రైవు పట్టుకొని గుమ్మంలో నిలబడతాడు. ఈనాటి పలుచని లాప్‌టాపులలో అయితే రెండు మూడు పోర్టులకు మించి ఉండడం అరుదు.

ఈ కొరతను తీర్చడానికి దొరికే సాధనమే హబ్బు. ఒక తీగను కంప్యూటరుకు తగిలిస్తే ఆ చివర నాలుగు గాని, ఏడు గాని, పది గాని పోర్టులు లభిస్తాయి. దుకాణంలో ఇవి రెండు జాతులుగా కనిపిస్తాయి. మొదటిది అరచేతిలో ఇమిడేది, చవకైనది, ఒకే తీగ గలది. రెండవది కొంచెం పెద్దది. దానికి గోడ ప్లగ్గులో పెట్టుకొనే అడాప్టరు వేరే ఉంటుంది. పోర్టుల సంఖ్య రెండింటికీ ఒకటే అయినప్పుడు, అదనపు డబ్బు పెట్టి మరొక ప్లగ్గును ఆక్రమించే వస్తువును కొనడం ఎందుకు అని కొనేవారికి తోచడం సహజం. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ ప్రసంగం.

యు.ఎస్.బి. అనే పద్ధతి పుట్టుకలోనే దాని సమాధానం ఉన్నది. 1996కు పూర్వం కంప్యూటరు వెనుక భాగం చూచినవారికి గుర్తుండే ఉంటుంది. కీబోర్డుకు గుండ్రని మూతి, ప్రింటరుకు వెడల్పాటి మూతి, మోడెముకు మరొక మూతి. ఏదీ మరొకదానిలో పట్టదు. ఈ గందరగోళాన్ని తొలగించే ఉద్దేశంతో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఐ.బి.ఎం., కంపాక్, డి.ఇ.సి., ఎన్.ఇ.సి., నార్టెల్ అనే ఏడు సంస్థలు చేరి ఒకే విధమైన మూతిని నిర్ణయించి, 1996 జనవరిలో ప్రమాణాన్ని వెలువరించినవి. బరోడాలో చదువుకొని ఇంటెల్ సంస్థలో పనిచేసిన అజయ్ భట్ ఈ కృషిలో ముఖ్యులు. మూతుల ఏకత్వం కన్న గొప్ప విశేషం ఇంకొకటి అందులో ఉన్నది. ఒకే తీగలో సమాచారమూ, విద్యుత్తూ రెండూ ప్రయాణం చేస్తాయి. తీగ గల యు.ఎస్.బి. మౌసుకు బ్యాటరీ అక్కరలేనిది అందువల్లనే. చిక్కు వచ్చినదీ అందువల్లనే.

ఒక్క కంప్యూటరు నియంత్రకానికి 127 పరికరాలు తగిలించవచ్చునని పుస్తకాలలో కనిపిస్తుంది. అది నిజమే గాని, ఆ సంఖ్య చిరునామాల లెక్క. ఊరిలో 127 ఇళ్ళకు నంబర్లు వేసినంత మాత్రాన అన్ని ఇళ్ళకూ కుళాయి నీరు వచ్చినట్లు కాదు గదా! నీటి లెక్క, అనగా విద్యుత్తు లెక్క, వేరే ఉన్నది.

ఆ లెక్క ఏమంత కష్టమైనది కాదు. యు.ఎస్.బి. తీగలో ప్రవహించే విద్యుత్తు ఒత్తిడి 5 వోల్టులు. 2000 సంవత్సరంలో వచ్చిన యు.ఎస్.బి. 2.0 ప్రమాణం ప్రకారం కంప్యూటరు పోర్టు ఒక్కొక్కటి 500 మిల్లీ ఆంపియర్లు ఇవ్వవలె. 2008లో వచ్చిన 3.0 ప్రమాణం దీనిని 900కు పెంచినది. ఇప్పుడు సొంత అడాప్టరు లేని హబ్బును తీసుకొందాము. పాత 2.0 పోర్టునుండి దానికి వచ్చేది 500. అందులో 100 తన పోషణకు అట్టిపెట్టుకొంటుంది. మిగిలిన 400ను నాలుగు పోర్టులకు పంచితే తలకు 100 చొప్పున వస్తుంది. అడాప్టరు లేని హబ్బులకు తరచు నాలుగే పోర్టులు ఉండడానికి కారణం ఈ భాగహారమే. ఏడు పోర్టులు పెట్టి అడాప్టరు లేకుండా అమ్మేవారు ఏ లెక్కను నమ్ముకొన్నారో వారికే తెలియవలె!

కాలువకు తూములు పెంచినంత మాత్రాన కాలువలో నీరు పెరగదు. చివరి పొలం ఎండుతుంది. అడాప్టరు గల హబ్బు తన గట్టున సొంతంగా బోరు వేసుకొన్న రైతు వంటిది. కంప్యూటరునుండి సమాచారాన్ని మాత్రమే తీసుకొని, విద్యుత్తును గోడ ప్లగ్గునుండి తెచ్చి ప్రతి పోర్టుకూ నిండుగా పంచుతుంది.

అయితే ఈ నిండుదనం అందరికీ అవసరమా? కాదు. కీబోర్డు, మౌసు 100 మిల్లీ ఆంపియర్లకు లోపుననే తృప్తిపడతాయి. పెన్‌డ్రైవు ఇంకొంచెం కోరుతుంది. ప్రింటరుకు తన విద్యుత్తు తనకు వేరే ఉంటుంది. ఇవి మాత్రమే ఉన్న ఇంట చవక హబ్బు చాలును. అధికంగా ఖర్చు చేయనక్కరలేదు. చిక్కంతా జేబులో పట్టే హార్డు డిస్కుతోనే. దానిలో ఒక పళ్ళెం గిర్రున తిరుగుతూ ఉంటుంది. నిశ్చలంగా ఉన్న ఆ పళ్ళేన్ని తొలిసారి తిప్పే క్షణంలో అది ఇంచుమించు ఒక ఆంపియరు లాగుతుంది. నూరు మిల్లీ ఆంపియర్ల పోర్టు వద్ద అది ఏమి కావలె?

నా మిత్రులొకరు విశ్రాంత ఉపాధ్యాయులు. వారి తండ్రిగారు హరికథలు చెప్పేవారు. ఆ కథల క్యాసెట్లు నలభైకి పైగా పెట్టెలో పడి ఉంటే, మిత్రులు ఓపికగా ఒక్కొక్కదానిని కంప్యూటరులోనికి ఎక్కించి, ఒక హార్డు డిస్కుపై దాచుకొన్నారు. కొన్నాళ్ళకు ఆ డిస్కు టిక్కు టిక్కుమని శబ్దం చేసి కంప్యూటరు తెరపైనుండి మాయమవడం ఆరంభించినది. ఒక్కొక్కసారి కథను ఎక్కిస్తూ ఉండగానే మధ్యలో తెగిపోయేది. దుకాణానికి పట్టుకొని వెళ్ళితే, "డిస్కు పోయిందండీ, కొత్తది కొనుక్కోండి" అన్నారట. తండ్రిగారి కంఠం పోయినదే అన్నంత దిగులుతో వారు మా ఇంటికి వచ్చినారు. క్యాసెట్లలో కొన్ని అప్పటికే బూజు పట్టి పనికిరాకుండా పోయినవి మరి.

"ఏమండీ, దీనిని నేరుగా కంప్యూటరుకు తగిలించి చూచినారా?" అని అడిగినాను.

"లేదండీ. అక్కడ ఖాళీ ఎక్కడిది? ఆ చిన్న హబ్బులోనే పెడుతున్నాను."

నేరుగా తగిలించి చూస్తే డిస్కు నిక్షేపంగా తిరిగినది. అప్పటికి రెండు కథలు మాత్రం సగంలో విరిగి ఉన్నవి. వాటి క్యాసెట్లు బాగుండడం వల్ల మళ్ళీ ఎక్కించుకోగలిగినారు. జబ్బు డిస్కుది కాదు, దానికి తిండి పెట్టే హబ్బుది.

ఇందులో జరిగేది ఇది. డిస్కు ఎక్కువ లాగినకొద్దీ పోర్టు వద్ద ఒత్తిడి పడిపోతుంది. యు.ఎస్.బి. 2.0 ప్రమాణం సొంత విద్యుత్తు గల హబ్బు పోర్టు వద్ద 4.75 వోల్టులకు తగ్గరాదని చెబుతూ, అది లేని హబ్బుకు 4.4 వోల్టుల వరకు సడలింపు ఇచ్చినది. అంతకంటే దిగజారితే పళ్ళెం వేగం చాలదు. చదివే ముల్లు వెనుకకు పోయి మళ్ళీ ప్రయత్నిస్తుంది. మనకు వినిపించే టిక్కు టిక్కు అదే. వ్రాస్తూ ఉన్న సమయంలో ఇట్లా జరిగితే వ్రాత సగంలో ఆగుతుంది. ఒక్కొక్కసారి ఏ ఫైలు ఎక్కడ ఉన్నదో చెప్పే పట్టికయే చెడిపోతుంది. వస్తువు కాలిపోదు, పొగ రాదు. దాచుకొన్నది మాత్రం పోతుంది. అందుచేత డిస్కు చెడినదని ఎవరైనా తీర్పు చెప్పినప్పుడు, మరొక డిస్కు కొనడానికి ముందు నేరుగా కంప్యూటరుకు తగిలించి ఒకసారి పరీక్షించండి.

ఇక ఎన్నుకోవడం. హబ్బును చూడకండి, దాని అడాప్టరును చూడండి. దానిపై చిన్న అక్షరాలతో వోల్టులు, ఆంపియర్లు అచ్చువేసి ఉంటాయి. రెండింటినీ హెచ్చిస్తే వాటులు వస్తాయి. 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే 10 వాటులు. 12 వోల్టులు, 3 ఆంపియర్లు అని ఉంటే 36 వాటులు. హబ్బు లోపలనే దానిని 5 వోల్టులకు దించుకొంటుంది. ఏడు 3.0 పోర్టులూ నిండుగా 900 చొప్పున ఇవ్వవలెనంటే 6.3 ఆంపియర్లు, అనగా 31.5 వాటులు కావలె. ఏడు పోర్టుల హబ్బుకు 10 వాటుల అడాప్టరు ఇస్తున్నారంటే పెద్ద బంతికి చిన్న గిన్నెతో పప్పు వండినట్లే.

అయినా అన్నీ ఒకేసారి నిండుగా తీసుకోవు. మీ ఇంటి లెక్క మీరు వేసుకోండి. జేబు డిస్కులు రెండు, ఒక్కొక్కటి 0.9, కెమెరా 0.5; పెన్‌డ్రైవు 0.3; కీబోర్డు, మౌసు కలిపి 0.2. మొత్తం 2.8 ఆంపియర్లు, అంటే 14 వాటులు. దీనికి 20 వాటుల అడాప్టరు హాయిగా సరిపోతుంది. సెల్‌ఫోను చార్జింగు కూడ దానిపైననే పెట్టదలచితే ఈ లెక్క మారిపోతుంది. ఫోనుకు దాని అడాప్టరు దానికి ఉండనిండి, అనేది నా అభిప్రాయం. పెట్టెలో అడాప్టరు నిజంగా ఉన్నదో లేదో కూడ చూడవలె. పక్కన గుండ్రని రంధ్రం మాత్రం పెట్టి, అడాప్టరును ఇవ్వని హబ్బులు కూడ ఉన్నవి. మన ప్రమాణాల సంస్థ గుర్తు, నమోదు సంఖ్య అడాప్టరుపై ఉండవలె. సికింద్రాబాదు పార్కులేనులో తిరిగి బేరమాడేవారు ధర తగ్గించుకోవడంలో చూపే పట్టుదలను ఆ చిన్న అక్షరాలు చదవడంలో కూడ చూపితే మంచిది.

ఒక అపాయం చెప్పి ముందుకు పోతాను. ఇంటర్నెట్టు పెట్టెకు వచ్చే 12 వోల్టుల అడాప్టరు మూతి, 5 వోల్టుల హబ్బు మూతి తరచు ఒకే కొలతలో ఉంటాయి. ఒకదానికి బదులు మరొకటి పెట్టితే హబ్బు మాడిపోతుంది. దానికి తగిలించిన డిస్కు కూడ ప్రమాదంలో పడుతుంది. అడాప్టరుకు ఒక కాగితం చీటీ కట్టి దానిపై "హబ్బు" అని వ్రాసి ఉంచండి.

విద్యుత్తు కొరత తీరినంత మాత్రాన వేగం పెరుగుతుందని భ్రమపడరాదు. సమాచారం పోయే బాట ఒక్కటే. 2.0 పద్ధతిలో అది సెకనుకు 480 మెగాబిట్లు, 3.0 పద్ధతిలో 5 గిగాబిట్లు. దానినే అందరూ పంచుకోవలె. 3.0 హబ్బు లోపల నిజానికి రెండు హబ్బులు ఉంటాయి, పాత పరికరాలకు ఒకటి, కొత్తవానికి ఒకటి. కాబట్టి పాత పరికరాలు నాలుగు తెచ్చి 3.0 హబ్బులో పెట్టినా అవి ఆ 480నే పంచుకొంటాయి. మైక్రోఫోను విషయంలో మాత్రం వృత్తిరీత్యా ఒక సలహా ఇవ్వవచ్చుననుకొంటాను. ధ్వనిని ఎక్కించే పరికరాన్ని వీలైనంతవరకు నేరుగా కంప్యూటరుకే తగిలించండి. డిస్కుతో బాటను పంచుకొన్నప్పుడు మాట మధ్యలో చిటుక్కుమనే తెగుళ్ళు పడవచ్చు. తీగ లేని మౌసు వారికి మరొక మాట. 3.0 పరికరాలు, వాటి తీగలు 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో రొద పుట్టిస్తాయని 2012లో ఇంటెల్ సంస్థయే ప్రకటించినది. మౌసు కూడ ఆ ప్రాంతంలోనే మాట్లాడుతుంది. దాని బుల్లి గ్రాహకాన్ని హార్డు డిస్కు పక్కన పెట్టితే బాణం గుర్తు తడబడుతుంది. దూరపు పోర్టులోనికి మార్చితే కుదుటపడుతుంది.

ఇక వాడుకలో మన దేశానికి ప్రత్యేకమైన చిక్కు కరెంటు కోత. కంప్యూటరుకు యు.పి.ఎస్. ఉంటుంది; లాప్‌టాపుకు బ్యాటరీ ఉంటుంది. హబ్బు అడాప్టరు మాత్రం మామూలు గోడ ప్లగ్గులో ఉంటుంది. కరెంటు పోగానే కంప్యూటరు నిశ్చింతగా పని చేస్తూనే ఉంటుంది గాని, హబ్బు ఆ క్షణంలో అడాప్టరు లేని చవక హబ్బుగా మారిపోతుంది. వ్రాస్తున్న డిస్కు ఆగిపోతుంది. సొంత విద్యుత్తు గల హబ్బు కొని కూడ ఫైళ్ళు పోగొట్టుకొనేవారి ఇంట తరచు జరిగేది ఇదే. హబ్బు అడాప్టరును కూడ కంప్యూటరుతో పాటు యు.పి.ఎస్.లోనే పెట్టండి, 20 వాటులు దానికి బరువు కాదు. యు.పి.ఎస్. లేని లాప్‌టాపు వారు డిస్కుకు ఏదైనా ఎక్కించే సమయంలో దానిని హబ్బునుండి తీసి నేరుగా లాప్‌టాపుకు తగిలించుకొంటే చాలును.

కొనిన రోజున చేయవలసిన పరీక్ష ఒకటి ఉన్నది. బల్లపై పెట్టే కంప్యూటరును ఆపి, దాని ప్లగ్గు తీసివేయండి. హబ్బును దానికి తగిలించి, హబ్బు అడాప్టరుకు మాత్రం కరెంటు ఇవ్వండి. ఆపివేసిన కంప్యూటరులో దీపం వెలిగినా, పంకా కదిలినా ఆ హబ్బు తన విద్యుత్తును వెనుకకు కంప్యూటరులోనికి తోస్తున్నదన్నమాట. ప్రమాణం దీనిని అంగీకరించదు. కంప్యూటరుకు హాని కలగవచ్చు. రశీదు చేతిలో ఉండగానే ఆ హబ్బును దుకాణానికి తిరిగి ఇచ్చివేయండి.