బడిలో నేర్పే శాంతి

(రోలుగుంటలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



బడిలో శాంతి పాఠాలు చెబితే ఊళ్లో కొట్లాటలు తగ్గుతాయా అని కొందరు మిత్రులు అడిగారు. పాఠం చెప్పినంత మాత్రాన తగ్గవు. అలవాటు చేస్తే తగ్గుతాయని నా నమ్మకం.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులు హతులయ్యారు. తాగునీటి చెరువును మురికి చేయవద్దన్న దగ్గర ఆ తగవు మొదలైంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులు బలయ్యారు. అక్కడ సినిమా హాల్లో కాలు తగలడంతో మొదలైంది. నిప్పురవ్వ చిన్నదే. దాని కింద కులాధిక్యమనే గడ్డివాము తరతరాలుగా పేర్చి ఉంది. నీళ్లు, కూర్చునే చోటు: ఈ రెండూ బడిలో రోజూ ఉండేవే కదా!

ఉత్తర ఐర్లండులో కాథలిక్కు, ప్రొటెస్టెంటు పిల్లలు చాలావరకు వేరువేరు బళ్లలో చదువుతారు. బాంబులు పేలుతున్న రోజుల్లోనే, 1981లో, కొందరు తల్లిదండ్రులు 28 మంది పిల్లలతో లాగన్ కాలేజీ అనే ఉమ్మడి పాఠశాల తెరిచారు. అక్కడ శాంతి ఒప్పందం కుదిరింది 1998లో. అంటే వారు శాంతి వచ్చేదాకా ఆగలేదు.

మన దేశంలో 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా శాంతి విద్యకు చోటిచ్చింది. మన మండలంలో మైదానపు ఊళ్లూ ఉన్నాయి, కొండమీది గిరిజన గ్రామాలూ ఉన్నాయి. ఆ పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుని, మధ్యాహ్న భోజనం ఒకే పంక్తిలో తింటే సగం పాఠం అయినట్టే.

నేను పంతులుగా ఉన్నప్పుడు, తగవులాడుకున్న పిల్లలను ముందు ఎదుటివాడి మాట తిరిగి చెప్పమనేవాణ్ణి. “అవును, నేనన్నది అదే” అని వాడు ఒప్పుకున్నాకే వీడు తన మాట చెప్పాలి. అయితే దెబ్బ తిన్నవాణ్ణే సర్దుకుపొమ్మనడం శాంతి కాదు. అది నోరు నొక్కడం. తప్పెవరిదో తేల్చాకే చేతులు కలిపించాలి.

బడి ఒక్కటే అన్నీ చేయలేదు. చట్టం తన పని చేయాలి, ఇల్లు తన పని చేయాలి. బడి ఏడాదంతా నేర్పినదాన్ని, “వాళ్లింట్లో మంచినీళ్లు తాగకురా” అనే తాతగారి ఒక్క మాట చెరిపేస్తుంది. అందుచేత ఈ పాఠం ముందుగా నేర్చుకోవలసింది మనమే.

నెలకొకసారైనా దగ్గరి బడికి వెళ్లి, ఉపాధ్యాయుల అనుమతితో పిల్లల పంక్తిలో కూర్చుందామని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.