ధ్వనులూ ఊరి సంపదే

ఒక చోట వినిపించే ధ్వనులకూ అక్కడి జీవులకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించేది ధ్వని పర్యావరణ శాస్త్రం. 1960ల చివర, 1970ల ఆరంభంలో కెనడాలో ఆర్. ముర్రే షేఫర్ దీనికి పునాది వేశారు.

వికారాబాద్ జిల్లా ధారూర్ ప్రాంతంలో ధ్వనులు మూడు రకాలు. అనంతగిరి అడవిలో వీచే గాలి, కురిసే వాన మొదటివి. పక్షులు, కీచురాళ్లు రెండోవి. రైలు కూత, తాండూర్‌లో నాపరాయి కోసే యంత్రాల మోత మూడోవి. ఈ మోత ఎక్కువైతే ఒక పక్షి పిలుపు మరో పక్షికి సరిగా అందదు.

ఈ ధ్వనులను దాచుకోవడానికి ఇప్పుడు సెల్‌ఫోనే రికార్డర్. కూత వినిపిస్తే అది ఏ పక్షిదో మెర్లిన్ యాప్ సూచిస్తుంది. ధ్వని కళాకారులు ఇలాంటి రికార్డింగులతోనే కొత్త రచనలు చేస్తారు. చోటు, తేదీ, సమయం రాసి దాచిన రికార్డింగు రేపటి తరానికి ఆధారం. అందుకే ఊరి ధ్వనులను వినాలి, రికార్డు చేయాలి, దాచుకోవాలి.